బొరుసు ఫోటో కూడా వెయ్యండి

సంపాదకులు గారికి నమస్కారమండి.

మొన్నామధ్య మీ జిల్లా పేజీలో ఒక వార్త వేశారు. పదో తరగతి చదివే కుర్రాడి దగ్గర అంచు తెగిన 2 రూపాయల బిళ్ల ఒకటి ఉందని, అది టంకశాలలో పొరపాటున అలా తయారైపోయిన అరుదైన నాణెమని, వేలల్లో పలుకుతుందని రాశారు. ఫోటో పెద్దదే వేశారు గానీ బొమ్మ వైపు మాత్రమే వేశారు. బొరుసు లేదు, బరువు రాయలేదు, ఏ సంవత్సరందో రాయలేదు. అది నిజంగా మింట్ ఎర్రరా, ఎవరైనా కత్తిరించిందా అన్నది ఆ ఫోటో చూసి నేనే కాదు ఎవరూ చెప్పలేరు. కుర్రాడిని అనుమానించట్లేదండి, నిజమే అయ్యుండొచ్చు కూడా. కానీ ఆ వార్త చదివాక జనం ఏం చేస్తున్నారో మీకు తెలియాలని ఈ ఉత్తరం రాస్తున్నా.

నాకు అమలాపురంలో వాచీ రిపేరు షాపు ఉంది. కంటికి తగిలించుకునే లెన్సు, చిన్న బరువులు తూచే కాటా రెండూ నా బల్ల మీదే ఉంటాయి, దానికి తోడు నాకు నాణేలు పోగేసే పిచ్చి ఉందని ఊళ్లో అందరికీ తెలుసు, ఇంకేముంది, ఇప్పుడు వాచీల కంటే బిళ్లలే ఎక్కువ వస్తున్నాయి. అంబాజీపేట నుంచి ఒకాయన కొబ్బరి దింపుల తాలూకు చిల్లరంతా డబ్బాలో పోసుకుని వచ్చేశాడు. అత్తగారి ట్రంకు పెట్టెలో దొరికిందని ఒకావిడ, భోగిపళ్లలో కలిపిన చిల్లరలో ఇదొకటి తేడాగా ఉంది చూడండన్నయ్యా అని ఇంకొకావిడ. వచ్చినవాటిలో దాదాపు అన్నీ దెబ్బతిన్న బిళ్లలేనండి. ఆ మాట చెప్తే వాళ్ల మొహం చిన్నబోతుంది, కొందరైతే నేనేదో తక్కువకి కొట్టేద్దామని అలా చెప్తున్నాననుకుని బిళ్ల లాక్కుని వెళ్లిపోతున్నారు.

కొత్తగా నాణేలు పోగేసే పిల్లలకి నేను చెప్పేది ఒకటే. ఈ తేడా మింట్ గేటు లోపల వచ్చిందా, గేటు దాటాక వచ్చిందా? లోపల వచ్చిందంటే ఏ మెషీను దగ్గర ఎలా వచ్చిందో చెప్పగలగాలి, చెప్పలేకపోతే అది దెబ్బ కిందే లెక్క. ఇందులో పెద్ద విద్యేం లేదు గానీ నాణెం ఎలా తయారవుతుందో ముందు తెలియాలి కదా, అది మాత్రం ఎవడూ చెప్పడు, ధర మాత్రం అందరూ చెప్తారు.

లోహాన్ని సాగదీసి పొడుగాటి రేకు చేస్తారండి. ఆ రేకులోంచి పంచింగ్ మెషీను గుండ్రటి బిళ్లలు కొడుతుంది, బ్లాంకులు అంటారు వాటిని. వాటిని కాల్చి మెత్తబరుస్తారు, ఇంకో మెషీన్లో పెట్టి తిప్పితే చుట్టూ అంచు కాస్త పైకి లేస్తుంది. అప్పుడు ప్రెస్సులోకి వెళ్తాయి. కింద ఒక డై, అంటే బొమ్మ చెక్కిన ఉక్కు అచ్చు, పైన ఒక డై, చుట్టూ కాలర్ అనే ఉక్కు రింగు. ఒక్క దెబ్బకి బొమ్మా బొరుసూ రెండూ పడిపోతాయి, కాలర్ ఉంది కాబట్టి లోహం పక్కకి పోకుండా బిళ్ల సరైన సైజులో ఆగుతుంది, కాలర్ లోపల గీతలుంటే అవే బిళ్ల పక్క అంచు మీద పడతాయి. ఇందులో ఏ మెట్టు దగ్గరైనా తప్పు జరగొచ్చు, కానీ ఏ మెట్టు తప్పు ఆ మెట్టు గుర్తునే వదిలి వెళ్తుంది.

మీరు ఫోటో వేసిన రకమే తీసుకుందాం. అంచు తెగినదాన్ని మేం క్లిప్ అంటాం. ఇంట్లో కజ్జికాయలకి పిండి వత్తి గిన్నె మూతతో గుండ్రాలు కోసేటప్పుడు మూత పొరపాటున ముందు కోసిన కంత మీదకి కొంచెం జరిగితే ఆ ముక్క ఒక పక్క వంపుగా తెగి వస్తుంది చూశారా, మింట్‌లోనూ అంతే, రేకు సరిగ్గా ముందుకి జరక్కపోతే పంచింగ్ మెషీను దెబ్బ అంతకుముందు కొట్టిన కంత మీద పడుతుంది. రేకు చివర మీద పడితే తిన్నగా తెగుతుంది. ఇక్కడ గమనించాల్సింది ఏంటంటే, బిళ్ల తెగింది డై పడక ముందు. అంచు లేపే మెషీన్లోకి కూడా అది తెగిన బిళ్లగానే వెళ్లింది. అందులో తిరిగేటప్పుడు తెగిన చోట నొక్కడానికి లోహం లేదు, ఇటు లేకపోతే సరిగ్గా దానికి ఎదురుగా ఉన్న చోట కూడా ఒత్తిడి పడదు. అందుకని అసలైన క్లిప్‌లో చాలాసార్లు తెగిన చోటుకి ఎదురంచు సన్నబడిపోయి, చదునుగా, ఒక్కోసారి అసలు అంచే లేనట్టు ఉంటుంది. దీన్ని బ్లేక్స్లీ ఎఫెక్ట్ అంటారు. చిన్న క్లిప్ అయితే కనపడకపోవచ్చు, కనపడనంత మాత్రాన దొంగదని కాదు, కానీ కనపడిందంటే మాత్రం ధైర్యంగా ఉండొచ్చు, ఎందుకంటే కత్తెరతో కోసేవాడికి అసలు అటువైపు పని ఉందనే తెలీదు. ఇంకోటి కూడా చూడాలి, డై దెబ్బ పడ్డప్పుడు లోహం ఖాళీ ఉన్న వైపుకి జరుగుతుంది, అందుకని తెగిన చోటుకి దగ్గరున్న అక్షరాలు ఆ వైపుకి సాగి, పలచబడి, మెల్లగా మాయమవుతాయి. కోసిన బిళ్లలో అక్షరం చివరిదాకా నిండుగా వచ్చి టక్కున ఆగిపోతుంది.

ఒక కాలేజీ కుర్రాడు తెచ్చిన 1 రూపాయి బిళ్ల లెన్సు కింద పెట్టాను. తెగిన గోడ మీద హాక్సా బ్లేడు గీతలు అడ్డంగా ఒకదాని పక్కన ఒకటి నీట్‌గా ఉన్నాయి, మూల దగ్గర లోహం చిన్న ముల్లుగా లేచి వేలికి గుచ్చుకుంటోంది. ఎదురంచు చూస్తే శుభ్రంగా నిండుగా ఉంది. "నువ్వు కోశావేంట్రా" అన్నాను. "నేను కాదు బాబాయ్, 300 పెట్టి కొన్నాను" అన్నాడు. అంటే కోసిన మహానుభావుడు ఇంకెక్కడో కూర్చుని ఇంకో బిళ్ల కోస్తున్నాడన్నమాట. ఈ మహానుభావులకి తెలియాల్సింది ఒకటుంది, 2011 నాణేల చట్టం ప్రకారం నాణెం చెల్లాలంటే దాన్ని చెక్కడం, అరగదీయడం చేసి ఉండకూడదు. అంటే ఆ కుర్రాడు 300 పోసి కొన్నదానికి చట్టప్రకారం ఆ 1 రూపాయి విలువ కూడా మిగల్లేదు.

తర్వాత చూడాల్సింది, తేడా పైకి లేచి ఉందా లోపలికి దిగి ఉందా అని. డై ఎంత గట్టి ఉక్కుదైనా దెబ్బలు తిని తిని పగులుతుంది. ఆ పగులులోకి లోహం దూరి నాణెం మీద సన్నటి గీత పైకి తేలుతుంది, గోరుతో రాస్తే తగులుతుంది. డై అంచు ముక్క ఊడిపోయిందనుకోండి, ఆ మేరకి నాణెం అంచు దగ్గర బొమ్మ లేకుండా ఒక బుడిపె వస్తుంది, కడ్ అంటారు దాన్ని, కొత్తవాళ్లు అందంగా లేదని పక్కన పడేసేది అదే, వెతుక్కుని మరీ దాచుకునేవాళ్లు కొనేదీ అదే. గీత లోపలికి దిగి ఉంటే మాత్రం నూటికి ఎక్కువ పాళ్లు అది మేకో తాళంచెవో గీసిన గీత. ఒక్క మినహాయింపు ఉంది, డైకీ బ్లాంకుకీ మధ్యలో దారం ముక్కో తీగ ముక్కో పడి దాని మీదే దెబ్బ పడితే నాణెం మీద లోపలికి దిగిన గీతే వస్తుంది. తేడా ఎలా తెలుస్తుందంటే గీతకి రెండు పక్కలా చూడండి. మేకుతో గీస్తే తవ్విన లోహం ఎక్కడికి పోతుంది, పక్కనే గట్టు కడుతుంది. దారం మీద దెబ్బ పడినదాంట్లో గట్టు ఉండదు, గీత అడుగు నున్నగా ఉండి రెండు కొసలూ సాఫీగా పైకి కలిసిపోతాయి. ఇది లెన్సు లేకుండా కనపడదు, పదిరెట్లు చూపించే లెన్సు ఒకటి కొనుక్కోండి, నాణేల మీద డబ్బు పెట్టే ముందు దాని మీద పెట్టండి.

అంకె చెరిగిపోయిన బిళ్లలు కూడా ఇలాగే. డైలో అంకె చెక్కిన గుంటలోకి గ్రీజు, మట్టి చేరి గట్టిపడితే నాణెం మీద ఆ అంకె పడదు, సగమే పడుతుంది, అది మింట్ తప్పే. కానీ అంకె పోయిన చోట నేల చుట్టూ ఉన్న నేల లాగే మెరుస్తోందా, చుట్టుపక్కల ఎత్తైన చోట్లు అరక్కుండా ఉన్నాయా అని చూడాలి. సింహాల ముక్కులు కూడా అరిగిపోయి ఉంటే ఇక అంకె గురించి మాట్లాడుకోవడం అనవసరం.

అద్దంలో చూసినట్టు తిరగబడ్డ అక్షరాల బిళ్లల సంగతి చెప్పాలి, పిల్లలు ఎక్కువ మోసపోయేది వీటి దగ్గరే. అసలు బ్రోకేజ్ ఎలా వస్తుందంటే, కొట్టిన నాణెం ఒకటి కింద పడకుండా పై డైకి అతుక్కుని ఉండిపోతుంది, దాని కిందకి ఇంకో బ్లాంకు వస్తుంది. ఈ కొత్త బ్లాంకుకి కింద వైపు డై మామూలుగానే పడుతుంది, పైవైపు మాత్రం డై బదులు అతుక్కున్న నాణెం నొక్కుకుంటుంది. ఆ నాణెంలో కింది వైపు ఉన్నది కూడా కింది డై వేసిన బొమ్మే కదా. అంటే నిజమైన బ్రోకేజ్‌లో రెండు వైపులా ఒకే బొమ్మ ఉంటుంది, ఒకవైపు మామూలుగా పైకి లేచి, రెండో వైపు అదే తిరగబడి గుంటగా. కింద సింహాలుంటే పైన కూడా సింహాలే ఉండాలి, అంకె ఉండకూడదు. ఇది ఒక్కటి గుర్తుపెట్టుకుంటే చాలు సగం దొంగ బ్రోకేజ్‌లు బల్ల మీదే తేలిపోతాయి.

ముమ్మిడివరం కుర్రాడు ఒకడు తెచ్చినదాంట్లో సింహాల వైపు, సింహాల మీదుగా, తిరగబడ్డ 1 అంకె గుంటగా దిగి ఉంది. మరి సింహాలేమైనట్టు? లెన్సులో చూస్తే సింహాలు అక్కడే ఉన్నాయి పాపం, జూలు చదునైపోయి పైభాగం అద్దంలా మెరుస్తోంది. డై వేసిన బొమ్మ ముందు, దాని మీద గుంట తర్వాత. రెండు బిళ్లలు ఒకదాని మీద ఒకటి పెట్టి లేత్ షాపులో బెంచ్ వైస్‌లో బిగిస్తే వచ్చేది ఇదే. "మా అన్నయ్య ఫ్రెండు లేత్‌లో పని చేస్తాడండి" అని వాడే తర్వాత మెల్లగా చెప్పాడు, ఇద్దరం నవ్వుకున్నాం.

ఇక మా గోదావరి బిళ్లలు. రైలు రాజమండ్రి బ్రిడ్జి మీదకి రాగానే కిటికీలోంచి బిళ్ల వేసి దణ్ణం పెట్టుకోని వాళ్లెవరండి, 2015 పుష్కరాల్లో అయితే ఎంత చిల్లర నీళ్లలో పడిందో ఆ గోదారమ్మకే తెలియాలి. రేవుల దగ్గర కుర్రాళ్లు తాడుకి అయస్కాంతం కట్టి ఆ బిళ్లలు పైకి లాగుతూ ఉంటారు. అయస్కాంతానికి స్టీలు బిళ్లలే అంటుకుంటాయి, పాత దళసరి 5 రూపాయలు రాగి నికెల్‌ది, పాత 5 పైసలు, 10 పైసలు అల్యూమినియంవి, అవి అంటుకోవు, నీళ్లలోకి దిగి వెతికితేనే దొరుకుతాయి. అలా తీసిన బిళ్లలు కొన్నాళ్లకి ఎర్రర్ కాయిన్ అనే పేరుతో నా బల్ల మీదకి వస్తాయి. ఇసకలో దొర్లి అక్షరాలు సన్నబడి ఉంటాయి. అంతర్వేది వైపు ఉప్పు నీళ్లలో పడ్డవాటికి అయితే స్టెయిన్‌లెస్ స్టీలైనా సరే సూది గుచ్చినట్టు గుంటలు పడతాయి. చెరువు అడుగు నల్లమట్టిలో ఉండిపోయిన రాగి కలిసిన బిళ్ల నల్లగా తేలుతుంది, "ఇది వేరే లోహంతో కొట్టారంట మాస్టారూ" అని పట్టుకొస్తారు. వేరే లోహపు బ్లాంకు మీద పడ్డ నాణేలు నిజంగానే ఉంటాయండి, మంచి ధర కూడా ఉంటుంది, కానీ రంగు చూసి కాదు, కాటా మీద పెట్టి, అయస్కాంతం పెట్టి చెప్పాలి.

మా అమలాపురానికి రైలు ఇంకా రాలేదు గానీ రైలు కింద నలిగిన బిళ్లలు మాత్రం పాలకొల్లు నుంచి, భీమవరం నుంచి బస్సెక్కి వస్తూనే ఉన్నాయి. పట్టాల మీద పెట్టి నలగ్గొట్టింది బ్రాడ్‌స్ట్రైక్ అని చెప్తారు. కాలర్ లేకుండా దెబ్బ పడ్డది బ్రాడ్‌స్ట్రైక్, అది వెడల్పవుతుంది నిజమే, కానీ బొమ్మ మధ్యలో స్పష్టంగా ఉంటుంది, రెండు వైపులా ఉంటుంది. రైలు చక్రం బొమ్మనే సాగదీసేస్తుంది, సింహాలు కోడిగుడ్డు ఆకారంలోకి వచ్చేస్తాయి. దీని గురించి ఇంతకంటే చెప్పక్కర్లేదు, పిల్లల్ని పట్టాల దగ్గరకి పోనివ్వకండి అంతే.

పాత రాగి బిళ్లలు చింతపండు పెట్టి తోమి తళతళలాడిస్తూ తెస్తారు కొందరు. దేవుడి గదిలో ఇత్తడి సామాన్లకి చెయ్యండి ఆ పని, నాణేనికి వద్దు. కిలుం పోతుందేమో గానీ దానితో పాటు పైపొర పోతుంది, మింట్ గుర్తులు ఏవైనా ఉంటే అవీ పోతాయి, తోమిన నాణేన్ని తెలిసినవాడు ఎవడూ మంచి ధరకి కొనడు.

10 రూపాయల బిళ్లది ఇంకో కథ. పసుపు రింగు, మధ్యలో తెల్ల బిళ్ల. ఆ రెండూ ముందే అతికించి ఉండవు, డై దెబ్బకే ఒకదాంట్లో ఒకటి బిగుసుకుంటాయి. మధ్య బిళ్ల సరిగ్గా కూర్చోక ముందే దెబ్బ పడితే అది పక్కకి జరిగి ఉంటుంది, అలాంటి దాంట్లో బొమ్మ గీతలు, అక్షరాలు పసుపు మీద నుంచి తెలుపు మీదకి తెగకుండా సాగిపోతాయి, ఎందుకంటే రెంటి మీదా పడింది ఒకే దెబ్బ. ఎవరో సుత్తితో మధ్య బిళ్ల ఊడగొట్టి తిప్పి పెట్టిన దాంట్లో రింగు మీద ఒక దిక్కు, మధ్యలో ఒక దిక్కు, చుట్టూ సన్న సందు. మధ్య బిళ్ల లేని రింగు ఒక్కటే తెచ్చినా అంతే, లేకుండానే దెబ్బ పడి ఉంటే లోహం కంతలోకి జరిగి లోపలి అంచు వంకర పోవాలి. శుభ్రంగా గుండ్రంగా ఉందంటే ఊడగొట్టిందే. మా వైపు షాపుల్లో 10 రూపాయల బిళ్ల తీసుకోరు చూడండి, డిజైన్లు వేరేగా ఉన్నాయని అందులో దొంగవి ఉన్నాయని పుకారు, 2018లోనే రిజర్వ్ బ్యాంక్ 14 డిజైన్లూ చెల్లుతాయని చెప్పింది, ఒక డిజైను ఇంకోదాన్లా లేకపోవడం ఎర్రరూ కాదు, దొంగదీ కాదు.

తప్పే కానివాటిని తప్పనుకునేవి ఇంకా ఉన్నాయి. సంవత్సరం కింద చుక్క ఉందని ఒకరు, నక్షత్రం ఉందని ఒకరు, ఏమీ లేదని ఒకరు వస్తారు. నక్షత్రం ఉంటే మన హైదరాబాద్ మింట్‌ది, గుండ్రటి చుక్క నోయిడాది, డైమండ్ గుర్తు ముంబైది, ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతాది. బరువు విషయం కూడా అంతే, 5 రూపాయలు పాత దళసరిది 9 గ్రాములు, 2007లో స్టీలుకి మారినప్పుడు 6 గ్రాములు అయ్యింది. 1 రూపాయి స్టీలుది 25 మిల్లీమీటర్లు, 4.85 గ్రాములు ఉండేది, 2011 నుంచి 22 మిల్లీమీటర్లు, 3.79 గ్రాములకి తగ్గించారు. ఈ లెక్క తెలియక చిన్న రూపాయిని అర్ధరూపాయి బిళ్ల మీద కొట్టిన రూపాయి అని అమ్ముతున్నారు. నవ్వొచ్చే సంగతేంటంటే పాత స్టీలు అర్ధరూపాయిదీ అదే 22 మిల్లీమీటర్లు, అదే 3.79 గ్రాములు, కాబట్టి కాటా పెట్టినా తేలదు, సంవత్సరం చూసుకుంటే చాలు.

డై పక్కకి తిరిగిపోయి బొమ్మ ఒక దిక్కు, బొరుసు ఒక దిక్కు పడ్డ బిళ్ల చూడాలంటే పైనా కిందా రెండు వేళ్లతో పట్టుకుని పక్కకి తిప్పండి, మన నాణేల్లో బొమ్మ నిలువుగా ఉంటే బొరుసు కూడా నిలువుగానే రావాలి. కాస్త వాలితే లెక్క చెయ్యరు, పూర్తిగా తలకిందులైతే అప్పుడు బాగుంటుంది. కానీ అమెరికా సెంట్లు పుట్టడమే తలకిందులుగా పుడతాయి, అక్కడి నుంచి మనవడు తెచ్చాడని ఎర్రర్ అనుకోకండి. చేత్తో కొట్టిన పాత రాగి డబ్బుల మీద రాత సగమే పడి ఉంటే అది కూడా తప్పు కాదు, అప్పట్లో అచ్చు పెద్దది, బిళ్ల చిన్నది, రాత మొత్తం పడ్డ డబ్బు దొరకడమే కష్టం. అక్షరాలు రెండుసార్లు కనపడే బిళ్లల గురించి ఒక్క ముక్క, రెండో గీత చదునుగా మెట్టుగా ఉండి అసలు అక్షరం సన్నబడి ఉంటే అది దెబ్బ పడ్డాక డై కాస్త అదిరింది, దానికి విలువ లేదు. రెండు అక్షరాలూ నిండుగా గుండ్రంగా లేచి ఉంటే డైలోనే రెండుసార్లు చెక్కుకుపోయింది, అది దాచుకోవాల్సింది, ఆ డైతో కొట్టిన మిగతా నాణేల మీద కూడా అదే ఉంటుంది.

ఇప్పుడు డబ్బు విషయానికి వస్తాను, మీ వార్తలో పిల్లలు చదివింది ఆ ఒక్క లైనే కాబట్టి. చిన్న డై పగులు ఉన్న రూపాయికి రూపాయే వస్తుందండి, నిజం. సగం బొమ్మ పక్కకి పోయి సంవత్సరం మాత్రం కనపడుతోంది అంటే నాణేల వాళ్లు ఆసక్తిగా చూస్తారు, అప్పుడు కూడా ఎంతకి పోతుందో కొనేవాడిని బట్టి. లక్షలు ఇస్తాం, వైష్ణోదేవి బొమ్మ ఉన్న 5 రూపాయలుందా, ట్రాక్టర్ బొమ్మ నోటుందా అని వచ్చే ఫోన్లు మాత్రం వేరే యాపారం. ముందు ఫోటో అడుగుతారు, తర్వాత మీది 4 లక్షలకి ఓకే అయ్యింది అంటారు, తర్వాత రిజిస్ట్రేషన్ ఫీజు, జీఎస్టీ, కమిషన్ అని మీ దగ్గరే గుంజుతారు, రాజోలు వైపు ఒకాయన ఇలాగే కొన్ని వేలు పోగొట్టుకుని ఇంట్లో చెప్పుకోలేక నా దగ్గర చెప్పుకున్నాడు. రిజర్వ్ బ్యాంక్ పేరు, లోగో పెట్టి ఇలా ఫీజులు అడుగుతున్నారు, మేం ఎవరికీ అలాంటి అధికారం ఇవ్వలేదు అని 2021 ఆగస్టులో బ్యాంకే ప్రకటన ఇచ్చింది. రాములవారి పట్టాభిషేకం బొమ్మతో ఈస్టిండియా కంపెనీ 1818 అని రాసి ఉన్నవి కూడా ఇలాగే తిప్పుతున్నారు, కంపెనీ వాళ్లు అలాంటి నాణేలు వెయ్యలేదు, అవి తర్వాత ఎవరో తయారుచేసిన బిళ్లలు, పూజలో పెట్టుకోండి గానీ ఇల్లు తాకట్టు పెట్టి కొనకండి.

కాబట్టి మిమ్మల్ని అడిగేది ఏంటంటే, ఇక మీదట ఎవరైనా అరుదైన నాణెం అని మీ విలేకరి దగ్గరకి వస్తే బొమ్మా బొరుసూ రెండు ఫోటోలూ వెయ్యండి, వీలైతే పక్క అంచు కూడా, పక్కన అదే సంవత్సరం మామూలు బిళ్ల ఒకటి పెట్టి తీయించండి. ఏ బంగారం కొట్లో పెట్టినా బరువు చెప్తారు, ఆ గ్రాములు రాయండి. ధర హెడ్డింగులో పెట్టకండి, ఎవరో నిజంగా డబ్బిచ్చి కొంటే అప్పుడు రాయండి. విద్యార్థుల పేజీ ఉంది కదా మీకు, అందులో ఒక వారం రేకు నుంచి నాణెం దాకా బొమ్మలతో వెయ్యండి, హైదరాబాద్ సైఫాబాద్‌లో పాత మింట్ బిల్డింగులో ఇప్పుడు మ్యూజియం ఉంది, అక్కడ పాత మెషీన్లు ఉన్నాయి, మీ ఫోటోగ్రాఫర్‌ని పంపిస్తే చాలు. "పాత నాణేలు కొనబడును, లక్షల్లో ఆదాయం" అని క్లాసిఫైడ్స్‌లో వచ్చే యాడ్స్ సంగతి కూడా కాస్త చూడండి, ఆ పక్క పేజీలోనే మీరు సైబర్ మోసాల వార్తలు వేస్తున్నారు.

ఉంటానండి.

ఇట్లు,
ఒక వాచీ మెకానిక్,
అమలాపురం, కోనసీమ.

తా.క.: చిల్లుకానీలు పట్టుకుని ఎవరో కంత పెట్టి పాడుచేశారని బాధపడుతూ వచ్చేవాళ్లు కూడా ఉన్నారు. 1943 నుంచి 1947 దాకా వేసిన కానీకి కంత మింట్‌లో పెట్టిందే, కంత చుట్టూ బొమ్మ దాన్ని తప్పించుకుని వేసి ఉంటుంది, దాన్ని పారెయ్యకండి. జార్జి రాజు వెండి రూపాయికి మాత్రం రాజుగారి కిరీటం మీదుగా కంత ఉంటే అది పిల్లాడి మొలతాడుకి కట్టడానికి ఎవరో పెట్టించింది, అంచు మీద టాకా (లోహపు అతుకు) మచ్చ ఉంటే కొండీ ఊడదీసింది. వెండి తూకానికి అమ్ముకోవచ్చు.